కుంపటి గదిలోకి తేకు

మెదెర్, నీ నోవోసిబిర్స్క్ బస్సు రేపు కదా అనుకుని రైలు డ్యూటీకి ఒప్పుకున్నాను. రెండేళ్ళకి ఇంటికి వస్తూ, ఇవాళే దిగుతున్నానని పొద్దున ఫోన్ చేస్తే నా బదులు ఎవర్ని పంపను? ఎల్లుండి సాయంత్రానికి వస్తాను.

మాంసం ఉల్లిపాయల్లో ఊరబెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాను. కుంపటి వాకిట్లో, ఆప్రికాట్ చెట్టుకి దూరంగా పెట్టాను, అక్కడే వెలిగించు. పెట్రోలు పొయ్యకు. పోయినసారి కాలిన నీ కనుబొమ్మలు మొలవడానికి వేసవంతా పట్టింది. సన్న పుల్లలతో అంటించి, బొగ్గుల మీద తెల్లగా బూడిద కట్టాకే మాంసం గుచ్చిన ఊచలు పెట్టు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్ళు గుమ్మరించకు, ఊచలు తీసెయ్. తిన్నాక నిప్పుల మీద ఇసుక పొయ్యి. చలేస్తోందని కుంపటిని గదిలోకి మాత్రం తేకు. బొగ్గుల విషగాలి కంటికి కనపడదు, వాసనా రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుప్పట్లు పెట్టె మీద ఉన్నాయి.

మగవాళ్ళ పని నీకెలా తెలుసే అంటావేమో. పోయిన నూరూజ్ పండక్కి నా ఒక్కదాని కోసమే వెలిగించుకున్నాను. పొగ చూసి పక్కింటి బాత్మా పెద్దమ్మ రొట్టెలు పట్టుకుని వచ్చేసింది. "ఎవరొచ్చారే? మెదెరేనా?" అంది. ఎవరూ రాలేదన్నాను. కుంపటి మీద రెండే ఊచలున్నాయి. నా పక్కన కూర్చుని ఒకటి తింది. మళ్ళీ నేను వెలిగించలేదు.

అక్క

ఇవాళ కూడా పెద్దమ్మ పొగ చూసి వస్తుంది. ఎవరొచ్చారని అడిగితే ఈసారి జవాబు నువ్వే చెప్పు.