టామ్ బాబు కోసం ప్రార్థన

జూలై 2, బుధవారం
అత్తయ్యగారికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని హాల్లో కుర్చీలో... కొన్నాళ్లు చదవొద్దు, టీవీ చూడొద్దు. పెద్ద పంతులమ్మగా రిటైరైన మనిషి, ఊరుకుంటారా? "ఏదోటి చదివి పెట్టవే అమ్మాయ్" అని పొద్దుట్నించీ ఒకటే గొడవ. బైబిలు చదివాను, పేపరు చదివాను. ఇంక ఇంట్లో మిగిలింది అట్ట ఊడిపోయిన నా ఇంగ్లీషు నవల.

జూలై 3
మొదలుపెట్టాను. ఇంగ్లీషులో చూసి అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం. టామ్ అని ఒక పోస్ట్‌మాన్. బస్సనుకుని రాకెట్ ఎక్కేస్తాడు — రాజోలు బస్సనుకుని మండపేట బస్సెక్కినట్టు. ఇక చుక్కల మధ్య తిరుగుతూ కనిపించిన వాళ్లందరినీ ఇంటికి దారి అడుగుతుంటాడు. అంతే కథ. కాలేజీ రోజుల్లో పడీపడీ నవ్వాను. పెళ్లయ్యాక ఈయనకిచ్చాను. నాలుగు పేజీలు చదివి, "ఇందులో ఏవుందే?" అన్నారు. అప్పట్నించీ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను.
అత్తయ్యగారు నవ్వలేదు. "వాళ్లమ్మకి కబురు తెలుసా?" అన్నారు, అంతే.

జూలై 6, ఆదివారం
నవ్వారు!
మర్యాదస్తుల గ్రహం దగ్గర. పడవ రేవుకి వస్తుంది. "ముందు మీరు దిగండి." "అబ్బే, తమరు దిగండి." ఎవరూ దిగరు. పడవ అందరినీ వేసుకుని వెనక్కి పోతుంది. తరతరాలుగా ఇదే వరస. అత్తయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వి, అద్దాలు తీయబోయి, నేను కేకేస్తే ఆగి — "వీళ్లెవరో మన అమలాపురం వాళ్లేనే!"
ఎంత సంతోషంగా ఉందో. రాసినాయన కోనసీమ పేరైనా విని ఉండడు. పోయి కూడా ఎన్నేళ్లయిందో. అయినా మా హాల్లో నవ్వు... నాకు తోచే కారణం ఒకటే. ఎవరి మీద నవ్వినా వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వుతాడు.

జూలై 8
సాయంత్రం కుటుంబ ప్రార్థన. అత్తయ్యగారు వరసగా అందరి పేర్లూ చెప్పి, చివర్లో — "దూరాన దారి తప్పిన టామ్ బాబుని క్షేమంగా ఇల్లు చేర్చు తండ్రీ." ఈయన కళ్లు తెరిచి నావైపు చూశారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జూలై 13, ఆదివారం
చర్చి స్త్రీల కూడిక మా ఇంట్లోనే. ప్రార్థన మనవులు అడిగితే అత్తయ్యగారు టామ్ సంగతి చెప్పారు. కథ అని మాత్రం చెప్పలేదు. అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. సువార్తమ్మగారు వంటింట్లోకి వచ్చి, "ఎక్కడున్నాడమ్మా ఆ అబ్బాయి, మస్కట్టా? మా అల్లుడు అక్కడే ఉన్నాడు, కనుక్కోమంటాను."
"ఇంకొంచెం దూరమండీ."
"కువైట్టా, పాపం!"

జూలై 14
పుస్తకం అయిపోవస్తోంది. భయంగా ఉంది. చివర లేదు. పూర్తి చేయకుండానే రాసినాయన పోయాడు. టామ్ ఇల్లు చేరాడో లేదో ఎవరికీ తెలీదు.
ఈయన సలహా: "నువ్వే చేర్చెయ్. ఆవిడకేం తెలుస్తుంది?" నిజమే. కానీ రోజూ పేరు పెట్టి ప్రార్థించే మనిషికి అబద్ధం ఎలా చెప్పను? నిజం చెబితే... మనసు విరిగి, ఇంక ఈ పుస్తకం నా ముందు తేకు అంటే? ఇన్నేళ్లకి నాతో కలిసి నవ్వే మనిషి దొరికింది.

జూలై 15
దగ్గొస్తోందని చెప్పి చదవలేదు. "మిరియాల పాలు తాగు" అన్నారు. సిగ్గేసింది.

జూలై 16, బుధవారం
చెప్పేశాను. "రాసినాయన మధ్యలోనే పోయేరండీ. ఇక్కడితో ఆగిపోయింది."
అత్తయ్యగారు నల్లద్దాలు సర్దుకున్నారు. తర్వాత —
"రాసినాయన పోయేరు సరే. ఆ అబ్బాయి పోలేదుగా?"
"లేదండీ."
"దారిలోనే ఉన్నాడన్నమాట."
"ఆయ్."
"అయితే ప్రార్థన ఆపక్కర్లేదు."
సాయంత్రం టామ్ బాబు పేరు మామూలుగానే వచ్చింది. వెనకే రాసినాయన ఇంటివాళ్లకి ఆదరణ, ఓదార్పు కూడా. ఆమెన్ అందరికంటే ముందు ఈయన అన్నారు.
లేస్తూ అత్తయ్యగారు, "రేపు మళ్లీ మొదట్నించి విందాం."
రేపే కంటి డాక్టరు దగ్గరికి. ఇక మీరే చదువుకోవచ్చండీ అంటాడేమో... అనకపోతే బాగుండు.