గాల్లోకి లేచిన చెయ్యి

ఛత్రినాక
1985 జూన్, శుక్రవారం రాత్రి

ఈ ప్రోగ్రామర్ ఉద్యోగం కూడా చేజారింది. ఇంటర్వ్యూలో ముగ్గురు ఆఫీసర్లు కోబాల్ అనే కంప్యూటర్ భాషలో అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను. తర్వాత చెప్పులు విప్పించి, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చిన్న ప్రోగ్రాం కొట్టమన్నారు. మొదటి లైను తప్పు లేకుండా కొట్టాను. లైను అయిపోగానే నా ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది, టైపు మిషన్ మీద కాగితం చుట్టిన క్యారేజీని వెనక్కి తోసే పిడి కోసం. కంప్యూటర్‌కు పిడి ఎక్కడిది? చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ముగ్గురు ఆఫీసర్లూ నవ్వారు.

"ఇంతవరకు కంప్యూటర్ ముట్టుకోనేలేదా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"మా కోర్సుల కంప్యూటర్ లేదు సార్. అంతా బోర్డు మీదనే చెప్పిన్రు."

"కంప్యూటర్ మిషన్ మీద ఏడాది అనుభవంతో రా."

"ఉద్యోగం ఇయ్యకుంటే మిషన్ ఎవరు ముట్టనిస్తరు సార్?"

ఆయన బెల్లు కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంటి ముందు బాపు ఎదురుచూస్తున్నాడు. "ఏమైంది బిడ్డా?"

"ఉత్తరం రాస్తమన్నరు బాపూ."

"గట్లయితే వచ్చినట్టే! ఫికర్ చెయ్యకు" అని, పక్కింటివాళ్లకు చెప్పడానికి పోయాడు. ఆపలేకపోయాను. రేపు వాళ్లడిగితే...

ఎన్ని ఆఫీసులు తిరిగినా ఇదే మాట. ఆ కంప్యూటర్ డబ్బా మీద పని చెయ్యకుండానే ముసలిదాన్నవుతానేమో.

తెల్లారితే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను చెప్పే క్లాసు. కొత్తగా చేరిన పిల్లలు లైను చివర చెయ్యి ఎత్తడం మరిచిపోతున్నారు. చూడకుండా, ఆలోచించకుండా, దానంతటదే లేచేదాకా నేర్పాలి.