లేవని భవనంలో పద్నాలుగో అంతస్తు గడప

బళ్లారి,
12-6-1996

నగర కట్టడాల అనుమతుల అధికారి గారి సముఖమునకు,
కౌల్ బజార్ బట్టల వ్యాపారి విరూపాక్షయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అనుమతి లేని కట్టడమని తాము నోటీసు అంటించిన ద్వారబంధమును తొలగించరాదని కోరుట గురించి.

ఈ అర్జీ మొదట కన్నడంలో రాయించినాను. రాసిచ్చిన ఆయన నా కోపమంతా తీసేసి నమస్కారాలు మాత్రం మిగిల్చినాడు. అందుకని తెలుగులో నేనే రాసుకొంటున్నాను, మన్నించవలెను.

1. సదరు ద్వారబంధం ఉన్న ఖాళీ స్థలంలో రెండేండ్ల క్రితం వరకు నా భార్య లక్ష్మీకాంతమ్మ పుట్టింటి మేడ ఉండినది. మా మామగారు పాండురంగయ్య గారు దానిని ఆమెకు రాసిచ్చి కాలం చేసినారు. ఇంద్రసేన అను బిల్డరు, బడిలో నా బెంచీవాడు, అక్కడ ఇరవై అంతస్తులు లేపుతానని, లిఫ్టు, పైన ఈతకొలను, మాకు పద్నాలుగో అంతస్తు అని రంగుల బొమ్మ చూపించినాడు. "వదినా, కిటికీ తీస్తే కోటగుట్ట నీ కంటికి సమంగా ఉంటాది" అన్నాడు. ఆమె నెల దినాలు ఒప్పుకోలేదు. ఒప్పించినది నేనే.

2. మేడ పడగొట్టినారు. పాత టేకు ద్వారబంధం ఒక్కటి ఆమె ఇవ్వనన్నది. అంతలో మూఢం వస్తున్నదని, ముందే పాలు పొంగించుకోమని ఇంద్రసేన తొందరపెట్టినాడు. మూఢానికి భయపడి సగం గోడలతో గృహప్రవేశం చేసినవారు మనలో ఉన్నారు. గోడలే లేకుండా చేసినది మేమొక్కరమే. ఆ ద్వారబంధాన్ని మట్టిలో నిలిపి, పద్నాలుగో అంతస్తును సున్నంతో నేలపై గీసి, ఆవును తిప్పి, పాలు పొంగించినాము. సిరిగేరి నుంచి వచ్చిన మా చెల్లెలు సుందరమ్మ గీత తొక్కితే, "అది గోడమ్మా, చుట్టూ తిరిగి రా!" అని కేకేసినవాణ్ణి నేనే. ఇంద్రసేన రెండుసార్లు పాయసం పోయించుకొన్నాడు.

3. మర్నాటి నుంచి అతడు లేడు. ఆఫీసుకు తాళం. నా స్నేహితుడయ్యా! మా ఇంట్లో తిన్నవాడు!

4. పాలు పొంగిన ఇంట దీపం లేకుండా ఉండరాదని నా భార్య దినమూ సాయంత్రం ఆ గడప దగ్గర దీపం పెట్టి వస్తున్నది. వానొస్తే గొడుగు పట్టుకొని పెడుతుంది. ఇరవై అంతస్తులలో కట్టబడినది ఈ ఒక్క గడపే. నోటీసులో రాసినట్లు సోమవారం దానిని పీకించినచో ఆమె ఏమగునో నాకు తెలియదు.

కావున భవనం పూర్తి అగువరకు గడపను దాని చోట ఉండనిచ్చునట్లు చిత్తగించవలెనని,

తమ విధేయుడు, మోసపోయినవాడు,
విరూపాక్షయ్య

తా.క.: సంతకం పెట్టినాక ఈ అర్జీ నా భార్యకు చదివి వినిపించినాను. ఆమె నవ్వింది.

"భవనం పూర్తయ్యేవరకా? అది లేచేది లేదని ఆ బిల్డరు కాగితాల మీద నేను సంతకం పెట్టిన పొద్దే తెలుసు నాకు. ఆ బొమ్మలో మెట్లే లేవు, చూస్తిరా మీరు? అంత ఆశపడితిరని పెడితి."

"మరి ఇన్నాళ్లూ దీపం ఎందుకు పెడతాండావు?"

"వచ్చే ఇంటికి కాదు. పోయిన ఇంటికి. మా నాయన ఇంటికి పెడతాండా. చెప్తే మీరు తట్టుకోలేరని చెప్పలా."

కాబట్టి అయ్యా, పైన ఇంద్రసేన పేరు ఉన్నచోటెల్లా నా పేరు కూడా చేర్చి చదువుకోండి. గడప మాత్రం ఉండనివ్వండి.