ఇనప బ్రష్షు చేసిన పని

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నెల కిందట మన తెరచాప పడవకి నువ్వు కొన్న స్టీలు రింగులకు మళ్ళీ తుప్పు మచ్చలొచ్చాయి. ఇనప బ్రష్షు అందుకుంటుంటే వెల్డింగు చేసే మస్తాను నవ్వాడు.

"ఇన్నేళ్ళూ దాంతోనే రుద్దారా మావయ్యా? స్టీలుకు అంటుకున్న ఆ ఇనప రజనే తుప్పు పడుతోందండీ!"

మీ చెల్లెలు ఇత్తడి చెంబులు తోమే చింతపండు నేనే తెచ్చి, గుడ్డతో రుద్ది, మంచినీళ్ళతో కడిగాను. ఆవిడెంత నవ్విందో రాస్తే ఈ కాగితం చాలదు. మచ్చలు మాత్రం మళ్ళీ రాలేదు.

"బందరులో నీకు నకిలీ స్టీలు అంటగట్టారు" అని అప్పట్లో ఆ తుప్పు చూసి నాగాయలంక రేవులో అందరి ముందూ నిన్ను వెక్కిరించాను. ఆ తర్వాత నువ్వు పడవెక్కలేదు. ఇవాళ అదే రేవులో, "మా బావ కొన్నది మంచి స్టీలే, పాడుచేసింది నేనే" అని గట్టిగా చెప్పాను.

తర్వాత, పడవ ఒరగకుండా నువ్వు కూర్చునే వైపు ఇసక బస్తా వేసుకుని పడవ తీశాను.