కూర మాడ్చి నవ్విన టీవీ ఆమె

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆత్మకూరులో మా ఇంట్లో ప్రార్థన పెట్టించాను. పిలవకపోయినా నీ మొగుడొచ్చాడు. పప్పు మాడిందని నీ తల గోడకేసి కొట్టి, కాలుజారి పడ్డావని అందరినీ నమ్మించినవాడు.

భోజనాలప్పుడు టీవీలో వంటల కార్యక్రమం వచ్చింది. కత్తితో బల్ల మీద దబదబా బాదే ఆయన కాదులే. ఆ చప్పుడుకే నువ్వు ఉలిక్కిపడేదానివి. ఈరోజు నీకిష్టమైన ఆమె. కూర మాడ్చేసి, పకపకా నవ్వింది.

"ఏంది వదినా, మాడబెట్టి నవ్వతా ఉండాది? నాలుగు తగిలిస్తే తెలస్తాది," అన్నాడు నీ మొగుడు.

వడ్డిస్తున్న ఇత్తడి గరిటెతో వాడి మూతి మీద కొట్టాను. పళ్లు ఊడి రక్తం కారేదాకా కొట్టాను.

పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "దేవుణ్ణి క్షమాపణ అడుగమ్మా," అన్నారు.

మోకరించాను. నీ పేరు తప్ప నోటికేమీ రాలేదు.

నీ అక్క