మామ్మ నోరు తెరిచిన కాలేజీ

శనివారం, అరకు

గెలిచాను! పళ్ళ డాక్టరు చదువు ఎక్కడో ఈరోజు తేలిపోయింది. మామ్మని తోడు తీసుకుని ముందు పట్నంలో నాన్న చెప్పిన కొత్త అద్దాల మేడ కాలేజీకి వెళ్ళాను. మామ్మ నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట తాగుతుందని చెబితే అక్కడ నవ్వారు. ఒళ్ళు మండింది.

నాకు నచ్చిన పాత కాలేజీలో మేడమ్ నవ్వలేదు. "అడ్డపొగా? ఏదీ, చూడనివ్వమ్మా" అంది. మాకెవరికీ నోరు చూపించని మామ్మ ఆవిడకి చూపించేసింది! అంగిట్లో తెల్లమచ్చ ఉందట, పరీక్ష చెయ్యాలట. అదేమవుతుందో...

ఇంటికొచ్చాక నాన్న, "అద్దాల కాలేజీయేనా?" అన్నాడు. నాకంటే ముందు మామ్మే అందుకుంది. "ఏటిరా అద్దాలు? మన గుంట పాతదాంట్లోనే సదువుతాది. అందాకా నా నోరు ఆళ్ళు సూత్తారు, డాకటరయ్యాక ఇది సూత్తాది."

నాన్న పాత కాలేజీ ఫీజు ఎంతని అడిగాడు. మామ్మ పొద్దున చెవి మీద పెట్టుకున్న చుట్ట ఇంకా అక్కడే ఉంది, వెలిగించలేదు.