పరదా లేదని అనలేదు

నాన్నా, కుట్టుమిషన్ ముందు కూర్చోకు. బండి తాళం నేనే పట్టుకెళ్తున్నాను, వెతకొద్దు. కంటి డాక్టరుగారి దగ్గర నీ పేరు రాయించడానికి ముందుగా వెళ్తున్నాను. అత్త ఆటో తీసుకొస్తుంది, గొడవ పెట్టకుండా ఎక్కు.

"కంట్లో ప్రెషరేగా, చుక్కల మందుతో తగ్గిపోతుంది" అంటున్నావు. నాకు నమ్మకం కుదరడం లేదు. లోపలి పొర ఊడినా ప్రెషర్ పెరగొచ్చని, కంటికి పరదా అడ్డొచ్చినట్టుంటే వెంటనే రమ్మని డాక్టరుగారు చెప్పారు. అత్త అదే అడిగితే, "పరదానా? కొలతలివ్వు, కుట్టి పెడతాను" అన్నావు. అందరూ నవ్వారు. లేదని మాత్రం నువ్వు అనలేదు.

అందుకే నిన్న కావాలనే నీ ఎడమవైపు నిలబడి సుద్దముక్క పట్టుకుని చెయ్యి చాచాను. చెంప పక్కనే ఉన్నా, "సుద్ద ఎక్కడ పెట్టావే?" అని కేకేశావు. కత్తెర కోసం కూడా తలంతా తిప్పుతున్నావు. స్కూలు యూనిఫాంల పని అయ్యేదాకా దాచాలనుకుంటున్నావు కదూ?

ఇంకొకటి. ఆ యూనిఫాం గుడ్డలన్నీ పక్కవీధి టైలరు బాబాయికి ఇచ్చేశాను. కోప్పడతావని తెలుసు. రెండు కళ్ళతో చూస్తూ కోప్పడు, చాలు.